హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి): ఆస్తి, అమానతు, ఋణం

భూమి మీద పెట్టిన సొమ్ము ఎక్కడికీ పోదని మన ఇళ్లలో పెద్దలు అంటుంటారు. అందుకే చేతిలో నాలుగు రూపాయలు కూడితే ముందుగా ప్లాటు మీదికే ఆలోచన పోతుంది. ఇస్లాం దీనిని తప్పు పట్టలేదు. ధర్మసమ్మతమైన సొమ్ముతో ఇల్లు, పొలం, తోట కొనుక్కోవటం హలాలే. ఆ ఆస్తి ఎలా వచ్చింది, అందులో ఎవరెవరి హక్కులు ఉన్నాయి, మనం కన్నుమూసిన తర్వాత దాని గతి ఏమిటి అన్నవే అసలు ప్రశ్నలు.

సహాబాలు అనగానే ఆకలితో పొట్టకు రాళ్లు కట్టుకున్నవారు, మస్జిదె నబవీ అరుగు మీద జీవితం గడిపిన అస్హాబె సుఫ్ఫా మన కళ్ల ముందు మెదలుతారు. అది నిజమే. కాని ఆ పుణ్యాత్ములలో పెద్ద పెద్ద ఆస్తిపరులు కూడా ఉన్నారు. బ్రతికి ఉండగానే స్వర్గ శుభవార్త పొందిన పదిమంది (అషరయె ముబష్షరా)లో హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ తల్హా, హజ్రత్ జుబైర్ (రజి) సంపన్నులే. వీరిలో భూములు, ఇళ్ల రూపంలో ఆస్తి కూడబెట్టి, ఆ ఆస్తిని ప్రజల హక్కులకు కాపలాగా నిలిపిన హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) జీవితాన్ని ఈ నెల తెలుసుకుందాం.

బాల్యం, ఇస్లాం స్వీకారం

హజ్రత్ జుబైర్ (రజి) మక్కా ఖురైష్‌లోని బనూ అసద్ శాఖకు చెందినవారు. తల్లి హజ్రత్ సఫియ్యా (రజి) దైవప్రవక్త (స) వారికి స్వయానా మేనత్త. తండ్రి అవ్వామ్, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి)కి సోదరుడు. ఈ విధంగా ఆయన దైవప్రవక్త (స)కు మేనత్త కొడుకు, హజ్రత్ ఖదీజా (రజి)కి మేనల్లుడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోతే తల్లి కఠిన క్రమశిక్షణతో పెంచారు.

ఇస్లాం స్వీకరించిన తొలి కొద్దిమందిలో ఆయన ఒకరు. అప్పటికి ఇంకా చిన్న వయసే. ఈ సంగతి తెలిసి పినతండ్రి ఆయన్ని చాపలో చుట్టి, కింద పొగ పెట్టి, పాత ధర్మానికి తిరిగి రమ్మని హింసించేవాడని చరిత్రకారులు రాశారు. ఊపిరాడని ఆ పొగలో కూడా ఆ బాలుడు విశ్వాసాన్ని వదులుకోలేదు. తర్వాత హబషా (అబిసీనియా)కు, ఆ పైన మదీనాకు హిజ్రత్ చేశారు.

ఒక గుర్రంతో మొదలైన సంసారం

హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి)తో ఆయన వివాహం జరిగింది. ఆనాడు ఆ ఇంట్లో డబ్బు లేదు, సేవకులు లేరు. ఒక గుర్రం, నీళ్లు మోసే ఒంటె మాత్రమే ఉండేవి. గుర్రానికి మేత వేయటం, నీళ్లు తేవటం, తోలు తిత్తికి కుట్లు వేయటం, పిండి పిసకటం అన్నీ హజ్రత్ అస్మా (రజి) చేసుకునేవారు. రొట్టెలు బాగా చేయటం రాక ఇరుగుపొరుగు అన్సార్ స్త్రీల సహాయం తీసుకునేవారు.

కొంతకాలానికి దైవప్రవక్త (స) హజ్రత్ జుబైర్ (రజి)కి కొంత భూమి కేటాయించారు. ఆయన భూసంపదకు అదే తొలి మెట్టు. ఆ భూమి ఇంటికి సుమారు రెండు మైళ్ల దూరం. అక్కడి నుండి ఖర్జూరపు గింజలను మూటకట్టి నెత్తిన పెట్టుకుని హజ్రత్ అస్మా (రజి) నడిచి వచ్చేవారు. తర్వాత తండ్రి ఒక సేవకుణ్ణి పంపినప్పుడు గుర్రపు పని నుండి ఆమెకు విముక్తి లభించింది. పెద్ద ఆస్తిపరుల పేర్లు చెప్పుకునేటప్పుడు ఆ ఆస్తి వెనుక ఇంటి ఇల్లాలి నెత్తిన మోసిన బరువును కూడా మనం గుర్తుంచుకోవాలి.

నీటి తగాదా

భూమి ఉన్నచోట తగాదాలూ ఉంటాయి. మదీనా శివార్లలోని హర్రా (నల్లరాతి నేల) నుండి వచ్చే కాలువ నీటి గురించి హజ్రత్ జుబైర్ (రజి)కి, ఒక అన్సారీకి మధ్య వివాదం వచ్చింది. హజ్రత్ జుబైర్ (రజి) తోట ఎగువన ఉంది. వ్యవహారం దైవప్రవక్త (స) సన్నిధికి చేరింది. ఆయన (స) మొదట ఇద్దరికీ వెసులుబాటు కలిగే మార్గం చూపారు. జుబైర్ కొద్దిగా తడుపుకుని, నీటిని కింది తోటకు వదిలిపెట్టాలన్నారు. ఎదుటి వ్యక్తి దీనిని బంధుప్రీతిగా భావించి మాట తూలాడు. దైవప్రవక్త (స) ముఖం రంగు మారింది. అప్పుడు చట్టప్రకారం హజ్రత్ జుబైర్ (రజి)కి ఉన్న పూర్తి హక్కు ఇస్తూ, నీళ్లు గట్ల మొదళ్ల దాకా ఎక్కిన తర్వాతే కిందికి వదలమని తీర్పు చెప్పారు.

దైవప్రవక్త (స) తీర్పును మనసులో ఏ సంకోచమూ లేకుండా అంగీకరించనంత వరకు విశ్వాసం పూర్తి కాదని తెలిపే నిసా సూరా 65వ ఆయత్ ఈ సంఘటన గురించే అవతరించిందని హజ్రత్ జుబైర్ (రజి) భావించేవారు. ఇందులో ఆస్తిపరుడికి ఒక పాఠం ఉంది. హక్కు పూర్తిగా తన వైపే ఉన్నా, పొరుగువాడి కోసం కొంత తగ్గమని చెప్పినప్పుడు ఆయన నోరు విప్పి ఎదురు చెప్పలేదు.

రణరంగంలో

బద్ర్ నుండి మొదలుకుని దైవప్రవక్త (స) వెంట యుద్ధాలన్నిటిలో ఆయన పాల్గొన్నారు. ఖందఖ్ నాడు శత్రువుల సమాచారం ఎవరు తెస్తారని దైవప్రవక్త (స) అడిగిన ప్రతిసారీ హజ్రత్ జుబైరే ముందుకొచ్చారు. ఆ సందర్భంలోనే ఆయనకు దైవప్రవక్త (స) హవారీ (ఆంతరంగిక సహాయకుడు) అన్న బిరుదు లభించింది. 636లో జరిగిన యర్మూక్ యుద్ధంలో రోము సైన్యాన్ని చీల్చుకుంటూ వెళ్లి తిరిగొచ్చారు. అందులో తగిలిన దెబ్బల గుంటలు ఆయన భుజం మీద మిగిలిపోయాయి. కుమారుడు ఉర్వా చిన్నప్పుడు ఆ గుంటల్లో వేళ్లు పెట్టి ఆడుకునేవారు. ఈజిప్టులో బాబిల్యూన్ కోట ముట్టడి నెలల తరబడి సాగుతున్నప్పుడు నిచ్చెన వేసుకుని గోడ ఎక్కినవారు కూడా ఆయనే. హజ్రత్ ఉమర్ (రజి) తన తర్వాత ఖలీఫాను ఎన్నుకోవటానికి నియమించిన ఆరుగురిలో ఆయన ఒకరు.

ఆస్తి ఎలా వచ్చింది?

సహీహ్ బుఖారీలో ఆయన ఆస్తి గురించి సుదీర్ఘమైన ఉల్లేఖనం ఉంది. దాని ప్రకారం ఆయన ఎన్నడూ గవర్నరు పదవి చేపట్టలేదు. శిస్తు వసూలు చేసే ఉద్యోగం గాని, మరే అధికార పదవి గాని స్వీకరించలేదు. దైవప్రవక్త (స) వెంట, ఆ తర్వాత హజ్రత్ అబూబకర్, ఉమర్, ఉస్మాన్ (రజి)ల కాలంలో చేసిన యుద్ధాలలో వచ్చిన వాటాయే ఆయన సంపదకు మూలం. ఆయన వ్యాపారం కూడా చేసేవారు. లోపమున్న సరుకు కొనకపోవటం, లాభం కొద్దిదైనా కాదనకపోవటం తన వ్యాపార పద్ధతి అని ఆయన చెప్పినట్లు చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ రాబడి భూములుగా, ఇళ్లుగా మారింది. మదీనాకు సమీపంలోని అల్ గాబా అనే విశాలమైన భూమిని 1 లక్షా 70 వేలకు కొన్నారు. మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1 ఇల్లు ఉండేవి. ఆ రోజుల్లో బస్రా, కూఫా ముస్లిములు కొత్తగా కట్టుకున్న నగరాలు. జనం వలస వచ్చి స్థిరపడుతున్న చోట్లలో ఆయనకు ఇళ్లు ఉండేవన్న మాట.

ఇంత ఆస్తిపరుడి చేతిలో రొక్కం మాత్రం నిలిచేది కాదు. సంపాదించి తెచ్చి ఇచ్చే వెయ్యి మంది గులాములు ఆయనకు ఉండేవారని, వారి రాబడిలో ఒక్క నాణెం కూడా ఇంట్లోకి రానీయకుండా అంతా సదఖా చేసేవారని ఒక ఉల్లేఖనం తెలుపుతోంది. హజ్రత్ ఉస్మాన్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఇబ్నె మస్ఊద్, మిఖ్దాద్ (రజి) వంటి ఏడుగురు సహాబాలు తమ తదనంతరం పిల్లల బాధ్యత ఆయనకు అప్పగిస్తూ వసియ్యత్ చేశారు. ఆయన ఆ పిల్లల సొమ్మును ముట్టకుండా భద్రంగా ఉంచి, తన సొంత సొమ్ము నుండి వారిపై ఖర్చు చేసేవారు. అనాథల ఆస్తికి సంరక్షకుడిగా ఉండి అందులో నుండే తినేవారు ప్రతి కాలంలో ఉన్నారు. ఇక్కడ సంరక్షకుడే ఎదురు ఖర్చు పెట్టాడు.

అమానతు ఋణంగా మారిన వైనం

ఇప్పుడు ఆయన జీవితంలోని అతి ముఖ్యమైన విషయానికి వద్దాం. ఇంత ఆస్తి ఉన్న మనిషి మరణించేనాటికి 22 లక్షల బాకీ ఉన్నారు. ఇది దుబారా వల్ల అయిన అప్పు కాదు. ఆయన నిజాయితీ చూసి ప్రజలు తమ సొమ్ము దాచిపెట్టమని తెచ్చి ఇచ్చేవారు. ఆయన దానిని అమానతుగా తీసుకోవటానికి ఒప్పుకునేవారు కాదు. పోతుందేమోనన్న భయం తనకు ఉందని, కాబట్టి తనకు ఋణంగా ఇచ్చినట్లు భావించమని చెప్పేవారు.

ఈ రెండింటికీ తేడా ఏమిటో మన పాఠకులు గమనించాలి. షరీఅత్ ప్రకారం అమానతు సొమ్ము, దాచినవాడి నిర్లక్ష్యం లేకుండా దొంగలపాలైనా అగ్నిపాలైనా అతనిపై పరిహారం పడదు. నష్టం సొమ్ము యజమానిదే. ఋణం అలా కాదు. ఏం జరిగినా తీసుకున్నవాడు తిరిగి చెల్లించి తీరాలి. అంటే హజ్రత్ జుబైర్ (రజి) జనం సొమ్ముకు వచ్చే ప్రమాదాన్ని వారి నెత్తి మీది నుండి తీసి తన నెత్తిన పెట్టుకున్నారు. మరోవైపు అమానతును వాడుకునే అనుమతి లేదు, ఋణాన్ని వాడుకోవచ్చు. కాబట్టి ఆ సొమ్ము మూలన పడి ఉండకుండా ధర్మసమ్మతమైన రీతిలో చలామణి అయ్యేది. సొమ్ము ఇచ్చినవారికి భద్రత, తీసుకున్నవారికి వినియోగం లభించాయి. ఇందులో వడ్డీ ప్రసక్తే లేదు.

ఈ ఉదంతాన్ని అడ్డం పెట్టుకుని మహల్లాలో తెలిసిన వారందరి దగ్గరా డబ్బు పోగుచేసి ప్లాట్లలో పెట్టటం సున్నత్ అనుకుంటే అది పొరపాటు. హజ్రత్ జుబైర్ (రజి) వద్ద బాకీకి మించిన హలాల్ ఆస్తి ఉంది. పూచీ పూర్తిగా తనదేనని ముందే చెప్పారు. ఎవరికీ లాభాల ఆశ చూపలేదు. లెక్క కొడుక్కి తెలుసు. ఈ నాలుగూ లేనిచోట ఆయన పేరు చెప్పుకోవటం తగదు.

చివరి వసియ్యత్

హిజ్రీ 36లో (656) బస్రా వద్ద జమల్ యుద్ధం జరిగింది. సహాబాల మధ్య తలెత్తిన ఆ ఫిత్నా గురించి అహ్లె సున్నత్ ఆలింలు నాలుకను అదుపులో ఉంచుకోవాలని బోధించారు. మనమూ అదే చేద్దాం. ఆనాడు హజ్రత్ జుబైర్ (రజి) పెద్ద కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి)ను దగ్గరికి పిలిచారు. ఈ రోజు తాను అన్యాయంగా చంపబడతానని అనిపిస్తోందని, తనకున్న పెద్ద దిగులు ఋణమేనని చెప్పారు. ఆస్తి అమ్మి ముందుగా బాకీలు తీర్చమని ఆదేశించారు. మిగిలిన దానిలో మూడో వంతు వసియ్యత్ చేసి, అందులో మూడో వంతు అబ్దుల్లాహ్ (రజి) పిల్లలకు కేటాయించారు. బాకీ తీర్చటం కష్టమైతే తన మౌలాను సహాయం అడగమన్నారు. మౌలా అంటే ఎవరో కుమారుడికి అర్థం కాలేదు. అడిగితే, అల్లాహ్ అని జవాబిచ్చారు.

హజ్రత్ అలీ (రజి) దైవప్రవక్త (స) చెప్పిన ఒక మాట గుర్తుచేయగా హజ్రత్ జుబైర్ (రజి) యుద్ధరంగం వదిలి వెనుదిరిగారు. దారిలో వాదీ అస్సిబా అనే లోయలో ఇబ్నె జుర్మూజ్ అనేవాడు ఆయన్ని హతమార్చాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఆ కబురు విని హజ్రత్ అలీ (రజి) ఎంతో దుఃఖించారు. ఇరాక్‌లో బస్రా సమీపాన ఆయన సమాధి ఉన్న పట్టణాన్ని నేటికీ జుబైర్ అనే పిలుస్తారు.

ఆయన వదిలి వెళ్లిన దానిలో ఒక్క దీనారు గాని, ఒక్క దిర్హమ్ గాని లేదు. ఉన్నవి భూములు, ఇళ్లే.

కుమారుడి పరీక్ష

హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) లెక్క చూస్తే బాకీ 22 లక్షలు తేలింది. బంధువైన హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) బాకీ ఎంత అని అడిగినప్పుడు ఆయన మొదట ఒక లక్ష మాత్రమే చెప్పారు. అదే తీర్చలేరేమోనని పెద్దాయన సందేహపడ్డారు. అసలు మొత్తం తెలిశాక, ఇది మీ శక్తికి మించినదని, అవసరమైతే తన సహాయం కోరమని అన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) మాత్రం తండ్రి మాట ప్రకారం, కష్టం ఎదురైనప్పుడల్లా జుబైర్ మౌలాను వేడుకుంటూ ముందుకు సాగారు.

అల్ గాబా భూమిని 16 వాటాలు చేసి, వాటా ఒక్కింటికి లక్ష చొప్పున వెల కట్టారు. 1 లక్షా 70 వేలకు కొన్న భూమి 16 లక్షలైంది. రావలసిన బాకీ ఉన్నవారు వచ్చి అక్కడ కలవమని ప్రకటించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)కి 4 లక్షలు రావాలి. మీరు కోరితే మాఫీ చేస్తానని ఆయన అన్నారు. అబ్దుల్లాహ్ (రజి) వద్దన్నారు. పోనీ, చివరికి ఇవ్వమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. చివరకు 4 వాటాల భూమి కొలిచి ఇచ్చారు. అన్నీ పోగా నాలుగున్నర వాటాలు మిగిలితే ముగ్గురు తలా ఒక వాటా లక్షకు తీసుకున్నారు. చివరి ఒకటిన్నర వాటాలను హజ్రత్ ముఆవియా (రజి) 1 లక్షా 50 వేలకు కొన్నారు. తర్వాత ఇబ్నె జాఫర్ (రజి) తన 4 వాటాలను కూడా హజ్రత్ ముఆవియా (రజి)కే 6 లక్షలకు అమ్మారు. మాఫీ చేయటానికి సిద్ధపడ్డ మనిషికి అల్లాహ్ 2 లక్షలు అదనంగా ఇచ్చాడు.

తెలిసిన బాకీలు తీరాక తోబుట్టువులు ఇక పంపకం చేయమని అడిగారు. హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) అంగీకరించలేదు. నాలుగేళ్ల పాటు హజ్ సమయంలో, జుబైర్ బాకీ పడ్డవారు ఎవరైనా ఉంటే వచ్చి తీసుకోవాలని చాటించారు. ఆనాడు దూరదూరాల నుండి ముస్లిములు ఒకచోట చేరే సందర్భం హజ్ ఒక్కటే. నాలుగేళ్లు పూర్తయ్యాకే మూడో వంతు వసియ్యత్ తీసి, మిగిలింది వారసులకు పంచారు. అప్పుడు నలుగురు భార్యలలో ఒక్కొక్కరి వాటాకు 12 లక్షలు వచ్చాయి. బాకీ తీరదేమోనని పెద్దలు భయపడిన ఆస్తిలో ఇంతటి బరకత్ కనిపించింది.

కూతురి కోసం ఒక నీడ

ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహ్) వక్ఫ్ గురించిన అధ్యాయంలో మరొక సంగతి ప్రస్తావించారు. హజ్రత్ జుబైర్ (రజి) తన ఇళ్లను వక్ఫ్ చేశారు. ఆ వక్ఫ్‌లో ఒక షరతు పెట్టారు. తన కుమార్తెలలో ఎవరైనా తలాఖ్ అయి తిరిగివస్తే ఆమె ఆ ఇంట్లో ఉండవచ్చు. ఆమె ఇంటికి హాని చేయకూడదు, ఆమెకూ ఎవరూ హాని చేయకూడదు. మళ్లీ పెళ్లయి భర్త నీడ దొరికితే ఆ హక్కు ముగుస్తుంది.

తిరిగివచ్చిన ఆడపిల్లను బరువుగా చూసే ఇళ్లు నేడు మనలో ఎన్ని లేవు? అన్నదమ్ముల దయ మీద, వదినల మాటల మధ్య ఆమె రోజులు గడుస్తాయి. ఎన్నో యుద్ధాలు చూసిన ఆ వీరుడు, తన కూతురు ఎవరి దయ మీదా ఆధారపడకూడదని ముందుగానే రాసిపెట్టాడు.

మన కర్తవ్యం

పాఠక సోదర సోదరీమణులారా! నిసా సూరా 11, 12 ఆయతులలో అల్లాహ్ వారసుల వాటాలు వివరిస్తూ, అవన్నీ వసియ్యత్, ఋణం తీర్చిన తర్వాతే అని పదే పదే హెచ్చరించాడు. మన ఇళ్లలో జరిగేది చూడండి. తండ్రి మరణించిన కొద్ది రోజులకే ఇంటి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయన్న చర్చ మొదలవుతుంది. ఆయన ఎవరికి బాకీ ఉన్నారో అడిగే కొడుకులు తక్కువ. తల్లి మహర్ చెల్లించకుండా మిగిలిపోతే అది కూడా ఋణమేనన్న సంగతి చాలామందికి తెలియదు. చెల్లెళ్ల వాటా గురించి ఎత్తితే, పెళ్లికి ఖర్చు పెట్టాం కదా అంటారు. పెళ్లి ఖర్చు వారసత్వపు వాటాకు బదులు కాదు.

కాబట్టి ఆస్తి ఉన్నవారు మూడు పనులు ఈ రోజే చేయాలి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి అమానతు మీ దగ్గర ఉందో కాగితం మీద రాసి ఇంట్లోవారికి చెప్పాలి. వారసులు కాని అవసరార్థుల కోసం, పుణ్యకార్యాల కోసం మూడో వంతుకు మించకుండా వసియ్యత్ చేసుకోవాలి. వీలైతే ఒక ఇల్లో, ఒక కొట్టో, దాని అద్దెయో అల్లాహ్ మార్గంలో వక్ఫ్ చేయాలి. వారసులు తొందరపడకుండా ముందు బాకీదారులను వెతకాలి. నాలుగేళ్లు హజ్‌లో చాటించటం మన వల్ల కాకపోవచ్చు. జనాజా నాడు, ఆ తర్వాత మస్జిదులో ఒక ప్రకటన చేయించటం ఎవరి వల్లనైనా అవుతుంది.

హజ్రత్ జుబైర్ (రజి) చేతిలో రొక్కం లేకుండా, నెత్తిన 22 లక్షల బాకీతో లోకం విడిచారు. అయినా ఆయన వల్ల ఎవరి సొమ్మూ మునిగిపోలేదు. మన ఆస్తులకు కూడా అల్లాహ్ అలాంటి బరకత్ ప్రసాదించుగాక! ఋణభారంతో మనల్ని తన సన్నిధికి పిలవకుండుగాక! మన సంతానానికి హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) వంటి బాధ్యతను అనుగ్రహించుగాక! ఆమీన్.